ఇంకు మరకల పిక్కలు

ఆదివారం పొద్దున బస్సు డిపో వెనక ఖాళీ జాగాలో ఆడ డ్రైవర్లూ కండక్టర్లూ ఎక్కడివాళ్ళు అక్కడ చతికిలబడ్డారు. వచ్చే నెలలో జరిగే నగర పరుగుకు డిపో తరఫున ఒక జట్టు వెళ్ళి తీరాల్సిందేనని మేనేజరు పట్టుబట్టాడు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే పట్టుబట్టాడు కనక ఆయనకు ఏ నొప్పీ లేదు. పరిగెత్తినవాళ్ళకు మాత్రం కాళ్ళు కాళ్ళలా లేవు.

"నా పిక్కలకి ఎవరో తాళం వేసి చెవి పట్టుకుపోయారు," అంది లావుపాటి కండక్టరమ్మ, బూట్లు విప్పే ఓపిక కూడా లేక వెల్లకిలా పడుకుని.

జట్టుకు కసరత్తులు నేర్పడానికి వచ్చిన టీచరమ్మది చిన్న వయసు. ఆమె నవ్వుతూ పెద్ద గుడ్డసంచీ మూతి విప్పి, నీలిరంగు స్పాంజి రోలర్లు తీసి తలా ఒకటి దొర్లించింది. మూరెడు పొడవున, వేలితో నొక్కితే లొంగీ లొంగనంత గట్టిగా ఉన్నాయి.

"ఇవేంటమ్మా, తలకింద దిండ్లా?"

"కాళ్ళకింద దిండ్లు. పరిగెత్తాక కండరాలు బిగుసుకుపోతాయి కదా, వీటిమీద మెల్లగా దొర్లిస్తే వదులవుతాయి. ఎలాగో చూపిస్తాను, ఆగండి."

ఆమె చూపించేలోపే, జట్టులో అందరికన్నా పెద్దదైన డ్రైవరు ఒకామె రోలరు మీద ఎడమ పిక్క ఆనించి, రెండు చేతులూ వెనక్కి నేలకు అదిమి, నడుము కాస్త పైకెత్తి, చీలమండ దగ్గర్నుంచి మోకాలి దిగువ దాకా మెల్లగా జరగడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది. పళ్ళు బిగించి, తర్వాత పళ్ళు వదిలేసి, నిదానంగా ఊపిరి విడిచింది. మళ్ళీ జరిగింది.

"అదీ! సరిగ్గా అలాగే," అంది టీచరమ్మ సంబరంగా. "మీకు ముందే తెలుసన్నమాట. ఏ జిమ్ములో నేర్చుకున్నారు?"

"జిమ్ములో కాదమ్మా. ప్రెస్సులో," అంది డ్రైవరు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే, ఎక్కడా కిరసనాయిలు లేని ఆ జాగాలో ఆమె ముక్కుకు కిరసనాయిలు వాసన తగిలింది. దాని వెనకే తడి ఇంకు వాసన కూడా.

ఆ డ్రైవరును చిన్నప్పుడు అందరూ మిడత అనేవారు. ఇప్పుడు ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కరే మిగిలారు.

మిడత అమ్మా నాన్నా నూలు మిల్లులో మధ్యాహ్నం షిఫ్టు చేసేవారు. బడి వదిలాక ఇంట్లో ఎవరూ ఉండరు కనక ఆ పిల్ల నేరుగా మావయ్య ప్రెస్సుకు వెళ్ళిపోయేది. ప్రెస్సంటే వీధివైపున రెండు గదులు, అంతే. ముందు గదిలో కాలితో తొక్కే అచ్చు యంత్రం, పక్క గదిలో అక్షరాల అరలు. వాటి వెనకే కాపురం. యంత్రం తొక్కేది మావయ్య, అక్షరాలు పేర్చేది అత్త. మూడో మనిషి లేడు. అత్త అక్షరాల్ని తలకిందులుగా చదివీ చదివీ మనుషుల్ని కూడా అలాగే చదవడం నేర్చింది. ఎవరైనా కరపత్రం ఇచ్చి "తొందరేం లేదండీ" అని వెళ్తే, "రేపు తలుపు తియ్యకముందే వచ్చి కూర్చుంటాడు చూడు," అనేది. పొద్దున తలుపు తీస్తే మెట్లమీద అతనే ఉండేవాడు.

మిడతకు మనిషికన్నా ముందు కాళ్ళు పెరిగాయి. ఆ పేరు పెట్టింది అత్తే. ఒకచోట కుదురుండదు. కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనే కోసుల కొద్దీ తిరిగేది. ఇంటివాళ్ళకు విసుగు తెప్పించిన ఆ కాళ్ళే బడిలో డ్రిల్లు మేష్టారికి నచ్చాయి. "పిక్కబలం చూపించడమంటే పారిపోవడం కాదే, ఇదీ," అని రోజూ మైదానం చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత ఒక సాయంత్రం మిడత గోడ పట్టుకుని ప్రెస్సుకు వచ్చింది. గుమ్మం ముందు మెట్లు ఎక్కలేక, చివరికి వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కో మెట్టూ చేతుల మీద పైకి జరిగింది.

"ఎవరి గోడ దూకావే?" అంది అత్త లోపల్నుంచి.

"దూకలేదు అత్తా. పిక్కలు రాళ్ళయిపోయాయి."

మావయ్య అప్పుడే యంత్రం ఆపాడు. పొద్దస్తమానం కుడికాలితో తొక్కడం వల్ల ఆయన కుడి పిక్క ఎడమ పిక్కకు అన్నగారిలా ఉండేది. సాయంత్రం పని ముగియగానే ఆయన చేసే మొదటి పని దాని సంగతి చూడటం. యంత్రంలో అక్షరాలకు ఇంకు పూసే రబ్బరు రోలర్లు కొన్నేళ్ళు తిరిగాక గట్టిపడిపోతాయి, ఇంకు సమంగా పట్టవు. అలా పనికిరాకుండా పోయిన రోలరొకటి ఆయన మూల దాచుకున్నాడు. కిరసనాయిలు గుడ్డతో దాన్ని తుడిచి, చిత్తుకాగితాలు నేలమీద పరిచి, దానిమీద కాలు వేసుకుని ఆనందంగా మూలుగుతూ దొర్లించుకునేవాడు. మిడత రోజూ చూసేదే. అది పెద్దవాళ్ళ జబ్బనుకునేది.

"ఇలా రావే. కూర్చో," అన్నాడు.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను మావయ్యా."

"లేవమని ఎవరన్నారు? కూర్చో."

రోలరు ఆమె కాలికింద పెట్టి, "ఊఁ, బరువు దానిమీద వెయ్యి," అన్నాడు. మిడత వేసింది. వేసీ వెయ్యగానే పెట్టిన కేకకు అత్త చేతిలో సగం పేర్చిన వరసతో పరిగెత్తుకొచ్చింది.

"పిల్లను చంపుతున్నారా ఏంటి?"

"చంపడం కాదు, వదులు చేస్తున్నా."

"అది మనిషి కాలండీ! మీ యంత్రం కాదు."

"రెండూ తిరిగేవే కదోయ్," అన్నాడు మావయ్య. తర్వాత మిడత వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇక్కడ కూడా పరిగెడతావేంటే? మెల్లగా జరుగు. మోకాలి వెనక గుంటలోకి పోనివ్వకు, ఎముక మీదకి ఎక్కించకు. కండ మీదే. ఆఁ, నొప్పి దొరికిందా? దాన్ని దాటిపోకు. ఆగు. అది అలిగిన చుట్టంలాంటిది. బతిమాలితే బిగుస్తుంది, తోస్తే తిరగబడుతుంది. ఊరికే పక్కన కాసేపు కూర్చున్నావనుకో, తనే మెత్తబడుతుంది."

మిడత కళ్ళనిండా నీళ్ళతో ఆ చుట్టం పక్కన కూర్చుంది. కాసేపటికి నిజంగానే లోపల ఏదో ముడి జారినట్టయింది. లేచి నిలబడి, రెండడుగులు వేసి, మావయ్య వైపు నమ్మలేనట్టు చూసింది.

"చూశావా," అన్నాడాయన, తనే ఆ కాళ్ళను తయారుచేసినంత గర్వంగా.

ఆ రోజునుంచి సాయంత్రాలు అలాగే గడిచేవి. యంత్రం చప్పుడు ఆగగానే వీధి చప్పుళ్ళు ఒక్కసారిగా లోపలికి వచ్చేవి. సైకిలు గంటలు, ఎదురింటి రేడియో, ఎవరో పిల్లను పేరుపెట్టి పిలవడం. కిటికీలోంచి పడే పచ్చటి ఎండలో కాగితపు నూగు తేలుతూ ఉండేది. మావయ్యా మేనకోడలూ చిత్తుకాగితాల మీద ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా కాళ్ళు దొర్లించుకునేవారు. ఎంత తుడిచినా రబ్బరులో ఇంకిపోయిన నలుపు పూర్తిగా పోయేది కాదు. మిడత పిక్కల మీద బూడిదరంగు చారలు పడేవి. ఒక్కోసారి కింద పరిచిన కాగితం మీద తడి ఆరని అక్షరాలు కూడా అంటుకునేవి. ఒకసారి ఆమె తొడ వెనక "ఇల్లు అద్దెకివ్వబడును" అని తిరగేసి పడింది. అది మొదట చదివింది అత్తే. వేరెవరూ చదవలేరు మరి. ఆ వేళ మావయ్య నవ్వు ఆపుకోలేక యంత్రానికి చేరబడిపోయాడు.

అత్త మాత్రం ఆ రోలరు దగ్గరకు వచ్చేది కాదు. "పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడట," అనేది. ఆవిడా పొద్దుట్నుంచి అరల ముందు నిలబడే మనిషే. పడుకునే ముందు గోడకు కాళ్ళు ఎత్తిపెట్టుకుని మూలగడం ఇంట్లో అందరికీ వినబడేదే. అయినా మావయ్య ఎన్నడూ "నువ్వూ చెయ్యి" అనలేదు. రోలరును మాత్రం తన పని అయ్యాక మూలన పెట్టకుండా, అక్షరాల గదిలో అత్త నిలబడే చోటికి అటుగా దొర్లించి వదిలేసేవాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం మావయ్య, మిడత కాగితం రీములు తేవడానికి బజారుకు వెళ్ళారు. కొట్టు మూసి ఉండటంతో అనుకున్నదానికన్నా ముందే తిరిగొచ్చారు. ప్రెస్సు తలుపు దగ్గరికి రాగానే లోపల్నుంచి ఎవరో "అమ్మమ్మమ్మా" అంటున్నట్టు వినిపించింది. మావయ్య వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ కిటికీలోంచి తొంగిచూశారు. అత్త నేలమీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని, కళ్ళు మూసుకుని, రోలరు మీద అటూ ఇటూ ఊగుతోంది. ముఖంలో అంత ప్రశాంతత మిడత ఎప్పుడూ చూడలేదు.

మావయ్య మేనకోడలి చెయ్యి పట్టుకుని చప్పుడు కాకుండా వీధి చివరిదాకా వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ్నుంచి గట్టిగా దగ్గుకుంటూ, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. వాళ్ళు లోపల అడుగుపెట్టేసరికి అత్త అరల ముందు నిలబడి అక్షరాలు సర్దుతోంది. సెలవురోజు అక్షరాలు సర్దడమేంటని ఎవరూ అడగలేదు. ఆవిడ పిక్కల మీద మాత్రం తొందరలో పూర్తిగా దించని చీర అంచు కిందుగా బూడిదరంగు చారలు కనిపిస్తున్నాయి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. బడి పందెంలో మిడత గెలిచింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళన్నీ కలిసే పెద్ద పందేలు వచ్చాయి. అమ్మా నాన్నలకు మిల్లులో సెలవు దొరకలేదు. మావయ్య ప్రెస్సుకు తాళం వేసి, రోలరును పాత పత్రికలో చుట్టి, సంచీలో పెట్టుకుని బయల్దేరాడు. మైదానం గేటు దగ్గర కాపలావాడు సంచీ తడిమి ఆపేశాడు.

"ఇదేంటి, ఇనుప గొట్టమా?"

"ఇంకు రోలరు బాబూ."

"ఇక్కడ దీంతో నీకేం పని?"

"మా పిల్ల కాళ్ళు అచ్చు వెయ్యాలి," అన్నాడు మావయ్య తొణక్కుండా. కాపలావాడు ఆయన ముఖం చూసి, పిల్ల చారల కాళ్ళు చూసి, ఎందుకొచ్చిన గొడవని వదిలేశాడు.

పొద్దుటి పరుగులో మిడత రెండోదిగా వచ్చింది. మొదట వచ్చింది వేరే ఊరి పిల్ల. పొడుగ్గా, తెల్లగా, కొంగలా ఉండేది. ఆ పిల్లతో పక్కపక్కన పరిగెత్తినంతసేపూ మిడతకు ఆ కాళ్ళు తప్ప మరేమీ కనబడలేదు. అసలు పందెం మధ్యాహ్నం. ఈలోపు మావయ్య గోడ నీడలో కాగితాలు పరిచాడు. మిడత కాళ్ళు దొర్లించుకుంటూ ఉంటే, కొంచెం దూరంలో కొంగపిల్ల ఒంటరిగా కూర్చుని కనిపించింది. పిక్కను రెండు చేతులతో పట్టుకుని, ముఖం మోకాలికి దాచుకుని ఉంది. వెంట వచ్చిన టీచరు మిగతా పిల్లల్ని తీసుకుని మైదానం అవతలి వైపు వెళ్ళిపోయినట్టుంది.

"ఆ పిల్లకి కాలు పట్టేసినట్టుంది," అన్నాడు మావయ్య.

"పట్టేస్తే?"

"పట్టేస్తే నొప్పిగా ఉంటుంది. నీకు తెలుసుగా."

అంతే అన్నాడు. సంచీలోంచి పత్రిక తీసి చదువుకోవడం మొదలుపెట్టాడు. మిడత రెండు కాళ్ళూ పూర్తిచేసింది. రోలరును పక్కన పెట్టింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. కొంగపిల్ల వైపు చూడకూడదనుకుంది, చూసింది. చివరికి విసురుగా లేచి, రోలరును చంకన పెట్టుకుని ఆ పిల్ల ముందుకు వెళ్ళి నిలబడింది.

"కాలు చాపు."

కొంగపిల్ల తలెత్తి, తడి కళ్ళతో రోలరును చూసి భయపడింది. "కొడతావా?"

"కొట్టేదాన్నయితే అడిగి కొడతానా? చాపు. దీనిమీద వెయ్యి. మెల్లగా. అరవాలంటే అరువు, నేను కూడా అరిచాను."

కొంగపిల్ల అరిచింది. అరిచాక ఇద్దరికీ నవ్వొచ్చింది. మిడత మావయ్య మాటల్నే వరసగా అప్పజెప్పింది, అలిగిన చుట్టంతో సహా. పందెం పిలుపు వచ్చేసరికి కొంగపిల్ల తెల్లటి పిక్కల నిండా నల్లటి చారలు.

ఆ మధ్యాహ్నం చివరి మలుపు దాకా మిడతే ముందుంది. గోడ దగ్గర మావయ్య పత్రిక ఊపుతూ గెంతడం కూడా కనిపించింది. తర్వాత పక్కనుంచి చారల కాళ్ళు రెండు మెల్లగా ముందుకు వచ్చాయి, ఇంకొంచెం వచ్చాయి, దాటిపోయాయి. మిడత రెండోదయింది. గీత దాటగానే కొంగపిల్ల వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకుని, రొప్పుతూ అలాగే నిలబడింది.

తిరుగు ప్రయాణంలో బస్సు సగం దూరం వచ్చాక మిడత అడిగింది. "మావయ్యా, నేను ఇవ్వకపోయుంటే గెలిచేదాన్నా?"

"గెలిచేదానివేమో," అన్నాడు మావయ్య. దాచలేదు. "కానీ కుంటుతున్నదాన్ని దాటావని నేను మీ అత్తకి చెప్పాల్సొచ్చేది. అదో కష్టం నాకు," అన్నాడు. మిడత ఆయన భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.

ఇంట్లో అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చేతికొచ్చినదాన్ని దానం చేసొచ్చారా ఇద్దరూ? ఎంత ధర్మాత్ములండీ! కర్ణుడికి చుట్టాలా?" అంటూ అక్షరాల గదిలోకి వెళ్ళి ధడాలున అరలు లాగడం వినిపించింది. ఎంతకీ బయటికి రాలేదు. మర్నాడు పొద్దున మిడత బడికి వెళ్తూ చూస్తే, ప్రెస్సు తలుపు మీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. నాటకాల ప్రకటనలకు వాడే పెద్ద పెద్ద చెక్క అక్షరాలతో, ఎర్ర ఇంకుతో, "మా మిడతకు పెద్ద పందెంలో రెండో బహుమతి" అని. కింద చిన్న అక్షరాలతో, "మొదటి బహుమతి పిల్ల కాళ్ళు బాగుచేసింది కూడా ఈమే". ఎండకు వెలిసి, అక్షరాలు గులాబీరంగుకు తిరిగినా, ఆ కాగితాన్ని ఎవరూ పీకలేదు.

ఆ తర్వాత మిడత మరికొన్ని పందేలు పరిగెత్తింది. బడి అయిపోయింది, పరుగూ అయిపోయింది. పెళ్ళి, పిల్లలు, ఆపైన బస్సు నడిపే ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, ఊరంతా క్లచ్ తొక్కితొక్కి ఎడమకాలు కొయ్యబారిపోతే, ఇంటికి కాకుండా ప్రెస్సుకు వెళ్ళింది. మావయ్య చూసి, ఏమీ అడక్కుండానే రోలరు తీశాడు. "నాది కుడికాలు, నీది ఎడమకాలు. ఇద్దరం కలిస్తే ఒక మంచి మనిషవుతాం," అన్నాడు. అప్పటికే ఊళ్ళోకి కొత్త యంత్రాలు వచ్చేశాయి. కాలితో తొక్కే అచ్చు ఎవరికీ అక్కర్లేకపోయింది. యంత్రం పాత ఇనుము కింద పోయింది. కొన్నేళ్ళకు రోలరు రబ్బరు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. మావయ్య కూడా వెళ్ళిపోయాడు. అత్తను మిడత తన దగ్గరికి తెచ్చుకుంది.

నగర పరుగు రోజున డిపో జట్టు బహుమతులేవీ తేలేదు. కానీ బయల్దేరినవాళ్ళంతా చివరిదాకా వచ్చారు, లావుపాటి కండక్టరమ్మతో సహా. మిడత నడివయసు వాళ్ళ గుంపులో మధ్యన ఎక్కడో గీత దాటింది. డిపోవాళ్ళంతా గడ్డిమీద వరసగా కూర్చుని నీలి రోలర్ల మీద కాళ్ళు వేసుకుని మూలుగుతూ ఉంటే, దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. టీచరమ్మ దగ్గర అడిగి మిడత ఒక రోలరు ఇంటికి పట్టుకొచ్చింది.

అత్త దాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి, మూతి విరిచింది. "ఇంత తేలిగ్గా ఉంది, ఇదేం అచ్చు వేస్తుందే?"

"అచ్చు వెయ్యదు. కాళ్ళు చాపు."

అత్త ఇప్పుడు నేలమీద కూర్చోలేదు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, మిడత రోలరును రెండు చేతులతో పట్టుకుని సన్నగా, ఎండిపోయిన ఆ పిక్కమీద మెల్లగా దొర్లించింది. అత్త కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుంది మిడత.

"యంత్రం పట్టుకుపోయిన రోజు నువ్వు లేవు," అంది అత్త హఠాత్తుగా. "డ్యూటీలో ఉన్నావు. నలుగురు వచ్చి, ముక్కలు ముక్కలుగా విప్పి, బండిలో వేసుకుపోయారు. గది ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది నాకు. మీ మావయ్య పొద్దుట్నుంచి ఊరికే కూర్చున్నాడు. నేనూ ఊరికే కూర్చున్నా. సాయంత్రం రోజూ మిషను ఆపే వేళకి లేచాడు. నేలంతా ఊడ్చి, కాగితాలు పరిచి, రోలరు తెచ్చిపెట్టి, 'రావోయ్' అన్నాడు. అన్నేళ్ళలో నన్ను రమ్మనడం అదే మొదలు."

"వెళ్ళావా?"

"వెళ్ళక? ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ రోజు ఏ పనీ చెయ్యలేదే ఇద్దరం. ఎవరికీ ఏ నొప్పీ లేదు. అయినా చీకటి పడేదాకా దొర్లించుకుంటూనే ఉన్నాం."

మిడత చేతులు ఆగిపోయాయి. అత్త కళ్ళు తెరవకుండానే పాదంతో ఆమె మోకాలిని మెల్లగా తట్టింది.

"ఆపావేం? ఆ చీలమండ పక్కన, కొంచెం పైన. అక్కడే ఉండు."